నాన్న పుస్తకంలో అలీ ఎన్నో స్థానం?

ఒక పాఠకుడు ఆరు పేజీల ఉత్తరం రాశారు. మనిషి ఎవరో తెలియకుండా కుదించి ఇస్తున్నాను.

ఆయనకు 41 ఏళ్లు, బ్యాంకు ఉద్యోగి. నెల్లూరు జిల్లాలో ఒక చిన్న పట్నంలో భార్య, పదమూడేళ్ల కూతురు, తండ్రితో కలిసి ఉంటున్నారు. తండ్రికి 72. హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. తల్లి నాలుగేళ్ల క్రితం కాలం చేశారు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం సాయంత్రం తండ్రీ కొడుకులు టీవీకి ఫోను కలిపి 1970ల నాటి హెవీవెయిట్ బాక్సింగ్ పోటీలు చూస్తున్నారు. తండ్రికి కుర్రతనం నుంచి ఆ ఆటంటే ప్రాణం. లైబ్రరీలో పేపరు చదివి, రేడియో విని అలీ, ఫ్రేజియర్‌ల సంగతులు తెలుసుకున్న తరం. 1980 మొదట్లో మహమ్మద్ అలీ మద్రాసు వచ్చి, జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన పోటీ ఆడినప్పుడు, స్నేహితుడి దగ్గర అప్పు చేసి రైలెక్కి వెళ్లి చూసొచ్చారట.

వాళ్లకు ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది. 1970 నుంచి 1980 దాకా ఆడిన హెవీవెయిట్లలో మొదటి పది మందిని వరస పెట్టి అందులో రాస్తారు. ఎడమ పేజీ తండ్రిది, కుడి పేజీ కొడుకుది. ప్రతి ఉగాదికీ కొత్త జాబితా. ఈ ఉగాదికి తండ్రి ఎప్పటిలాగే అలీ, ఫ్రేజియర్, ఫోర్‌మన్, హోమ్స్, నార్టన్ అని మొదలుపెట్టారు. కొడుకు మాత్రం లారీ హోమ్స్‌ను మొదట, ఫోర్‌మన్‌ను రెండోవాడిగా, అలీని మూడోవాడిగా రాశారు. తండ్రి పేజీ చూసి, "ఏంటి నాన్నా, ఈసారి చీమల బారు పెట్టారు?" అని కూడా అన్నారు. తర్వాత తన వాదన నిలబెట్టుకోవడానికి 1980 అక్టోబరు నాటి హోమ్స్, అలీ పోటీ పెట్టారు. పదో రౌండు అయ్యాక అలీ ట్రైనర్ ఏంజెలో డండీ పోటీ ఆపించే దాకా ఇద్దరూ చూశారు. అప్పుడు ఈయన అన్న మాట ఇది: "చూడండి నాన్నా, చెయ్యి లేవట్లేదు. ఎప్పుడు ఆపాలో తెలియని మనిషిని మొదటి స్థానంలో ఎలా పెడతారు?"

తండ్రి పుస్తకం మూసి, లేచి వెళ్లిపోయారు. ఇది జరిగి ఐదు వారాలైంది. ఆదివారం పిలిస్తే "నిద్రొస్తోందిరా" అంటున్నారు. కోపంగా లేరు, అడిగినదానికి జవాబు చెబుతున్నారు. అంతకుమించి మాట లేదు. హైదరాబాదులో ఉన్న అక్క ఫోన్ చేసి, "అలీయే గొప్ప అని ఒప్పేసుకో, పోయేదేముంది" అంటోంది. భార్య, "ఒక ఆట కోసం ఇంతగానా? వదిలేయండి, ఆయనే మామూలైపోతారు" అంటోంది. ఈయన అడుగుతున్నది: "చిన్నప్పుడు నాకు బొమ్మలు నేర్పుతూ నాన్న ఒకటే చెప్పేవారు, కంటికి కనపడిందే గియ్యమని. ఆ మనిషి ముందు ఒప్పుకున్నట్టు నటించమంటారా?"

ఉత్తరం ముగించి, సంతకం పెట్టాక, కింద ఇంకో నాలుగు వాక్యాలున్నాయి. "మూడు నెలల క్రితం నాన్నకు పార్కిన్సన్స్ మొదలైందని న్యూరాలజిస్టు చెప్పారు. కుడిచెయ్యి వణుకుతోంది, మాత్రలు వాడుతున్నారు. దీని గురించి ఇంట్లో ఎవరం మాట్లాడుకోం. మా గొడవకు సంబంధం లేదు గానీ చెప్పాలనిపించింది."

ఇక నా జవాబు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి బాక్సింగ్ కోసం, రెండోసారి సంతకం కింద ఉన్న ఆ నాలుగు వాక్యాల కోసం. ముందు బాక్సింగే మాట్లాడుకుందాం. మీ ఆవిడ అన్నట్టు ఇది "ఒక ఆట" అని నాకు అనిపించట్లేదు. అమ్మ లేని ఇంట్లో మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోవడానికి దొరికిన చోటు ఆ నోట్‌బుక్. అందులో రాసినదాన్ని తేలిగ్గా తీసుకోలేను.

ఆ పదేళ్ల హెవీవెయిట్లను వరస పెట్టడం చాలా కష్టం. మీకూ తెలుసు. 1971 మార్చి 8న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో, అప్పటిదాకా ఓటమి ఎరగని ఇద్దరు తలపడితే, ఫ్రేజియర్ పదిహేనో రౌండులో లెఫ్ట్ హుక్‌తో, అంటే పక్క నుంచి విసిరే ఎడమచేతి గుద్దుతో, అలీని పడగొట్టి గెలిచాడు. అదే ఫ్రేజియర్‌ను 1973 జనవరిలో కింగ్‌స్టన్‌లో ఫోర్‌మన్ రెండు రౌండ్లలో ఆరుసార్లు కింద పడేశాడు. ఆ మార్చిలో శాన్ డియాగోలో కెన్ నార్టన్ అలీ దవడ విరగ్గొట్టి గెలిచాడు. ఆ నార్టన్‌ను మరుసటి ఏడాది కరాకస్‌లో ఫోర్‌మన్ రెండో రౌండులోనే ముగించాడు. అంటే అలీని ఓడించిన ఇద్దరినీ ఫోర్‌మన్ పిండి చేశాడన్నమాట. 1974 అక్టోబరు 30న కిన్షాసాలో ఆ ఫోర్‌మన్‌ను అలీ ఎనిమిదో రౌండులో నాకౌట్ చేశాడు. ఎవరు ఎవరిని గెలిచారో చూసి వరస పెడదామంటే, తిరిగి తిరిగి మొదలుపెట్టిన చోటికే వస్తాం.

ఎందుకలా అంటే, ఒకరి ఆట తీరు ఇంకొకరికి సరిగ్గా ఎదురుపడింది. ఫ్రేజియర్ వంగి, తల ఊపుతూ నేరుగా మీదికి వచ్చేవాడు. అలీని ఊపిరాడనివ్వని ఆ రాకే, కింది నుంచి పైకి లేచే ఫోర్‌మన్ అప్పర్‌కట్‌కు అతన్ని ఎదురు తీసుకెళ్లింది. నార్టన్ చేతులు అడ్డంగా పెట్టుకుని, కాలు ఈడుస్తూ వచ్చి అలీ జాబ్ (ముందు చేత్తో నేరుగా విసిరే గుద్దు) మీదే జాబ్ వేశాడు. మూడు పోటీల్లోనూ అలీకి అతను కొరుకుడు పడలేదు. కానీ బలంగా తోసుకుంటూ వచ్చే ఫోర్‌మన్ ముందు ఆ నార్టన్ నిలవలేకపోయాడు. కాబట్టి వరస పెట్టేవాళ్లు ముందు ఒక కొలబద్ద ఎంచుకోక తప్పదు. ఇద్దరూ మంచి ఫామ్‌లో ఉన్న రోజు ఎవరు గెలుస్తారన్నది ఒక ప్రశ్న. పదేళ్లలో ఎవరు ఎవరితో తలపడి ఏం సాధించారన్నది ఇంకో ప్రశ్న. మీరు ఎక్కువగా మొదటిదానికి జవాబు రాస్తున్నారు, మీ నాన్నగారు రెండోదానికి రాస్తున్నారు. పేజీలు వేరైనా పైన శీర్షిక ఒకటే ఉండడం వల్ల, ఒకే ప్రశ్నకు రెండు జవాబులు అన్నట్టు కనపడుతోంది.

ఆయన ప్రశ్నతో చూస్తే అలీని కదపడం కష్టం. ఫ్రేజియర్‌తో మూడుసార్లు, నార్టన్‌తో మూడుసార్లు, క్వారీతో రెండుసార్లు, ఫోర్‌మన్, లైల్, షేవర్స్. ఆ కాలంలో భయపడాల్సినవాళ్లలో అతను తప్పించుకుని వదిలేసినవాళ్లు దాదాపు లేరు. అదీ సైన్యంలో చేరనన్నందుకు 1967 నుంచి మూడున్నరేళ్లు, కాళ్లలో వేగం నిండుగా ఉన్న వయసులో, ఆటకు దూరం చేస్తే, ఆ తర్వాత చేసిన పని.

మీ ప్రశ్నతో చూస్తే మీ వాదనలో సగం నాకు బలంగా కనపడుతోంది. కిన్షాసాకు ముందు ఫోర్‌మన్ ఆడిన 40 పోటీల్లో 37 నాకౌట్లు. ఆ మనిషిని రెండో స్థానంలో, అవసరమైతే మొదటి స్థానంలో పెట్టేవాళ్లతో నేను గొడవపడను.

హోమ్స్ దగ్గర మాత్రం మీతో ఏకీభవించలేకపోతున్నాను. నాకూ అతనంటే చాలా గౌరవం. హెవీవెయిట్లలో అంత చక్కటి ఎడమచేతి జాబ్ ఉన్నవాళ్లు అరుదు. వరసగా 48 పోటీలు గెలిచాడు. కానీ అతను ఛాంపియన్ అయింది 1978 జూన్‌లో. టైటిల్ పోగొట్టుకుంది 1985లో. అంటే అతని మంచి రోజులు ఎక్కువ భాగం మీరే గీసుకున్న 1980 గీతకు అవతల ఉన్నాయి. పైగా దానికి సాక్ష్యంగా మీరు పెట్టిన పోటీ ఏది? అప్పటికి అలీకి 38 ఏళ్లు. 1978 సెప్టెంబరులో లియోన్ స్పింక్స్ మీద గెలిచాక రెండేళ్లు రింగులోకి దిగలేదు. అంతకుముందే, 1977లో షేవర్స్ పోటీ అయ్యాక, అతని డాక్టర్ ఫెర్డీ పచెకో ఇక ఆడొద్దని చెప్పి, వినకపోయేసరికి తప్పుకున్నాడు. హోమ్స్ ఒకప్పుడు అలీకి స్పారింగ్, అంటే సాధనలో ఎదురు నిలబడే పని, చేసినవాడు. ఆ రాత్రి గెలిచి కూడా కన్నీళ్లు పెట్టుకున్నాడు. గెలిచినవాడే గొప్పగా చెప్పుకోని గెలుపును మీరు సాక్ష్యంగా పెట్టారు. మీ నాన్నగారు చెప్పిన సూత్రమే మీకు గుర్తుచేస్తున్నాను. కంటికి కనపడింది గీయాలంటే, వెలుతురు ఉన్నప్పుడు చూసి గీయాలి కదా.

అలీ ఎప్పుడు ఆపాలో తెలియని మనిషి అన్న మాటకు వస్తాను. అది అబద్ధం కాదు. పక్కనే ఉన్న డాక్టరే అన్నాడు. హోమ్స్ తర్వాత కూడా, 1981 డిసెంబరులో బహామాస్ వెళ్లి ట్రెవర్ బెర్బిక్ చేతిలో ఓడాడు. ఆ రెండు పోటీలు జరగకుండా ఉండాల్సింది. ఆ అభిప్రాయం మీరు మార్చుకోనక్కర్లేదు. కానీ 1971లోనో, 1974లోనో ఒక మనిషి ఎంత గొప్పగా ఆడాడో తేల్చడానికి, 1980లో అతను ఇంటికి వెళ్లకపోవడం కొలబద్ద కాలేదు.

ఇప్పుడు రెండోసారి చదివినప్పటి సంగతి.

మీ నాన్నగారు డ్రాయింగ్ మాస్టారు. ముప్పై ఏళ్లకు పైగా ఆ చెయ్యే ఆయనకు అన్నం పెట్టింది. మూడు నెలల క్రితం ఆ చేతి గురించి డాక్టరు ఒక మాట చెప్పారు. చెయ్యి వణకడం మీకు తెలుసు. అక్షరాలు చిన్నవైపోయి, ఒకదానిమీద ఒకటి ఎక్కడం కూడా ఆ జబ్బులో తరచుగా కనపడే లక్షణమే. ఇది మీకు తెలిసి ఉండదు. తెలిస్తే "చీమల బారు" అని ఉండేవారు కాదు. ఆ పేజీ రాయడానికి ఆయన ఎంతసేపు కష్టపడ్డారో మనకు తెలియదు.

ఇంకొకటి ఆలోచించండి. అలీకి పార్కిన్సన్స్ లక్షణాలున్నాయని 1984లో లోకానికి తెలిసింది. అలీ గురించి వచ్చిన ప్రతి ముక్కా చదివే మనిషి ఆ వార్త చదవకుండా ఉంటారా? బహుశా ఆయనకు ఆ జబ్బు పేరు మొదట తెలిసింది అలీ వల్లే. న్యూరాలజిస్టు గదిలో ఆ పేరు విన్న క్షణంలో ఆయనకు ఎవరు గుర్తొచ్చి ఉంటారు? ఆ తర్వాత రెండు నెలలైనా గడిచిందో లేదో, ఇంట్లో సోఫాలో కూర్చున్నప్పుడు, సొంత కొడుకు టీవీ వైపు చూపించి "చెయ్యి లేవట్లేదు" అన్నాడు.

ఇది నా ఊహ. నేను మీ నాన్నగారిని చూడలేదు. కానీ మీరు ఆ నాలుగు వాక్యాలు రాయకుండా ఉత్తరం పోస్టు చెయ్యలేకపోయారు. "సంబంధం లేదు" అని రాశారు, రాసి మరీ పంపారు. ఉందేమోనన్న అనుమానం మీకూ ఉన్నట్టుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఇది ముఖ్యం. ఆయన మౌనం అలకే అయి ఉండాలని లేదు. ఈ జబ్బులో మొహంలో భావాలు తగ్గుతాయి, గొంతు చిన్నదవుతుంది. చాలామందికి దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం కూడా జబ్బుతోపాటే వస్తాయి. కొన్ని మాత్రల వల్ల పగటిపూట మత్తుగా ఉంటుంది. "నిద్రొస్తోందిరా" అన్నది నిజంగా నిద్రే కావచ్చు. అందుకని మీరు ఏ దారి ఎంచుకున్నా, వచ్చేసారి న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లినప్పుడు, ఐదు వారాలుగా ఇష్టమైన పని మానేశారు, పగలు నిద్రపోతున్నారు, మాట తగ్గింది అని చెప్పండి. ఆయన ముందే చెప్పండి, చాటున కాదు. దిగులుకు వైద్యం ఉంది. మాత్రలు మీ అంతట మీరు తగ్గించడం, ఆపడం మాత్రం వద్దు.

ఇక మీ ముందున్న దారులు.

అక్కగారు చెప్పినట్టు చేస్తే, అంటే వెళ్లి "మీరే రైటు నాన్నా, అలీయే మొదటివాడు" అంటే, ఆ ఆదివారం బహుశా వచ్చి కూర్చుంటారు. కానీ పిల్లల బొమ్మల్లో ఏ గీత చూసి గీసిందో, ఏది ఊహించి గీసిందో పసిగట్టడమే జీవితమంతా చేసిన మనిషి. మీ మొహం చూడగానే తెలిసిపోతుంది. కొడుకు నన్ను చూసి జాలిపడి ఓడిపోయాడు అని అర్థమవుతుంది. మీ పేజీకి ఇక విలువ ఉండదు. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటి ఉంది. రేపు జబ్బు గురించి మీరు "పర్లేదు నాన్నా, బాగానే ఉన్నారు" అని నిజంగానే అన్న రోజు కూడా ఆయన నమ్మరు. అక్కగారి ప్రేమను తప్పుపట్టట్లేదు, దూరంగా ఉండి తండ్రి గొంతు నీరసంగా వినపడితే ఎవరైనా అదే అంటారు.

మీ ఆవిడ చెప్పినట్టు ఊరుకుంటే, మాటలు మామూలు కావచ్చు. చాలా ఇళ్లల్లో అలాగే అవుతుంది. నాకున్న భయం వేరు. ఐదు వారాలు పది వారాలై, ఆదివారం సాయంత్రం వేరే పనితో నిండిపోతుంది. ఈ జబ్బు నెమ్మదిగా, ఏళ్ల తరబడి నడిచేది. ముందుముందు మీరిద్దరూ కష్టమైన సంగతులు మాట్లాడుకోవాల్సి వస్తుంది. మీకు మాట్లాడుకోవడం వచ్చిన చోటు అదొక్కటే. దాన్ని పోగొట్టుకుంటే మళ్లీ కొత్తది వెతుక్కోవాలి.

మూడో దారి, ఆ సాయంత్రం గురించి నేరుగా మాట్లాడటం. ఇక్కడ దేనికి క్షమాపణ చెబుతున్నారో మీకు స్పష్టంగా ఉండాలి. జాబితాకు కాదు, అక్షరాల మీద అన్న మాటకు. "నాన్నా, ఆ రోజు మీ రాత గురించి అలా అనకుండా ఉండాల్సింది. చేతి సంగతి నాకు తట్టలేదు" అని చాలు. కూతురు, భార్య లేనప్పుడు చెప్పండి. సాయంత్రం వాకింగ్‌లో పక్కపక్కన నడుస్తున్నప్పుడైతే ఇంకా మంచిది, మొహం మొహం చూసుకోవాల్సిన ఇబ్బంది ఉండదు. ఆయన "దానికేముందిలేరా" అని కొట్టిపారేయవచ్చు. విన్నారు కాబట్టి అది చాలు. "నా చెయ్యి గురించి మాట్లాడొద్దు" అని కసురుకోవచ్చు కూడా. అలా అంటే ఆ రోజుకు ఆపేయండి, వాదించకండి. ఒకవేళ ఆయనే జబ్బు గురించి మాట మొదలుపెడితే, వెంటనే ధైర్యం చెప్పే పని పెట్టుకోకండి. పూర్తిగా వినండి. బాక్సింగ్ వల్ల అలీకి ఆ జబ్బు వచ్చిందా లేదా అన్నది డాక్టర్లే తేల్చుకోలేని విషయం. మీ నాన్నగారు ఎన్నడూ రింగులోకి దిగలేదు. ఎవరి తప్పువల్లో వచ్చిందన్న మాట మీ ఇంట్లో ఎవరి నోటా రాకుండా చూసుకోండి.

నాలుగోది, జబ్బు ఊసెత్తకుండా పుస్తకం దగ్గరికే తిరిగి వెళ్లడం. మీరు నాలుగేళ్లుగా ఆయనతో వాదిస్తున్నారు. కొన్ని ప్రశ్నలు మాత్రం అడిగినట్టు లేదు. ఆయన ఫ్రేజియర్‌ను ఫోర్‌మన్ కంటే పైన ఎందుకు పెడుతున్నారు? ఫోర్‌మన్ అతన్ని రెండు పోటీల్లో ఓడించాడు, రెండోసారి కూడా ఐదు రౌండ్లే పట్టింది. గెలుపోటముల లెక్కతో ఆ రెండో స్థానం నిలబడదు. ఆయనకు వేరే కారణం ఉంది. ఫ్రేజియర్ జీవితం మొత్తంలో ఓడింది నాలుగుసార్లే, అవీ అలీ, ఫోర్‌మన్ చేతుల్లోనే. 1975 అక్టోబరు 1న మనీలాలో అలీతో పద్నాలుగు రౌండ్లు అయ్యేసరికి కళ్లు వాచిపోయి ఎదుటి మనిషి సరిగ్గా కనపడట్లేదు. అయినా పదిహేనోదానికి లేవబోయాడు. అప్పుడు ట్రైనర్ ఎడ్డీ ఫచ్ అతన్ని కూర్చోబెట్టి, ఇవాళ నువ్వు చేసింది ఎవరూ మర్చిపోరు అని చెప్పి, పోటీ ఆపేశాడు. ఆపమని చెప్పడం అలా ఉంటుంది. నాకు ఆ పదేళ్ల బాక్సింగ్‌లో అన్నిటికంటే ఇష్టమైన క్షణం అదే, ఏ పంచ్ కంటే కూడా. మీ నాన్నగారికీ అదేనేమో అడిగి చూడండి.

మద్రాసు గురించి కూడా అడగండి. అప్పటికి ఆయనకు 27 ఏళ్లు. అప్పు చేసి రైలెక్కి వెళ్లి, ఏ మూల కూర్చుని చూశారు? అలీ ఆ రోజు ఎలా కదిలాడు? అది జరిగిన ఎనిమిది, తొమ్మిది నెలలకే హోమ్స్ పోటీ. మీరు టీవీలో చూపించిన ఆ మనిషిని, అదే ఏడాది, ఆయన కళ్లతో చూసి ఉన్నారు. మీ ఇంట్లో సాక్షి ఉండగా మీరు ఫోను మీద ఆధారపడ్డారు.

ఈ నాలుగో దారి మెత్తనిది, త్వరగా ఫలిస్తుంది. కానీ దీనికీ ఒక నష్టం ఉంది. బాక్సింగ్ వెనక దాక్కుని జబ్బు గురించి ఇంకో ఏడాది మాట్లాడకుండా గడిపేయవచ్చు. మీ ఇద్దరికీ అది తెలిసిన విద్యే. అందుకని నేనైతే ముందు మూడోది చేసి, అది ఎంత చిన్నగా ముగిసినా సరే, ఆ తర్వాత నాలుగోదానికి వెళ్తాను. మీకు ఆయన స్వభావం బాగా తెలుసు. పుస్తకం ముందు, మాట తర్వాత అయితేనే ఆయనకు సులువనిపిస్తే క్రమం మార్చుకోండి.

రాత గురించి రెండు మాటలు. కలం ఆయన చేతిలోంచి మీరు తీసుకోవద్దు. "నేను రాస్తాలెండి" అన్న మాట ఆయనే అడిగితే తప్ప అనకండి. గీతలు వెడల్పుగా ఉన్న పుస్తకం తెచ్చి పెట్టండి. గీతల మధ్య, పెద్ద అక్షరాలు రాయాలని గుర్తుపెట్టుకుని రాస్తే చాలామందికి రాత మెరుగవుతుంది. ఫిజియోథెరపిస్టును అడిగితే ఇంకా అభ్యాసాలు చెబుతారు. అలాగే, అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో 2006 నుంచి పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకు బాక్సింగ్ వ్యాయామం నేర్పుతున్నారు. ఎవరినీ కొట్టడం, దెబ్బలు తినడం ఉండదు. సంచిని గుద్దుతారు, అడుగులు వేస్తారు, అరుస్తారు. కాళ్ల నిలకడకు, గొంతుకు మంచిదని చేయిస్తారు. పడిపోయే ప్రమాదం ఉంటుంది కాబట్టి డాక్టరును అడగకుండా ఇంట్లో మొదలుపెట్టకండి. కానీ అడగండి. మీ అమ్మాయి గోడ మీద నిఖత్ జరీన్ ఫొటో అంటించుకుందని రాశారు కదా. మన నిజామాబాద్ నుంచి వెళ్లి 2022లో, 2023లో ప్రపంచ ఛాంపియన్ అయిన అమ్మాయి అంటే ఇష్టపడే మనవరాలు, జాబ్ ఎలా వేయాలో తాతయ్యను అడిగితే ఆయన కాదనలేరు.

మీ జాబితా సంగతి. హోమ్స్‌ను కిందికి దించాలని మీకు నిజంగా అనిపిస్తే దించండి, లేకపోతే ఉంచండి. పేజీ పైన మాత్రం మీ ప్రశ్న ఏదో రాయండి. ఆయన్ని కూడా రాయమనండి. అలీ ఆపకపోవడం గురించి మీకున్న బాధ ఉంది చూశారా, అది స్థానాల్లో పెట్టకుండా, చివర రెండు వాక్యాలుగా విడిగా రాసుకోండి. అక్కడ దానికి విలువ ఉంటుంది. ఎప్పుడో ఒకరోజు ఆయన అది చదివి, తన జవాబు పక్కన రాయవచ్చు.

మొదటి ఆదివారం అలీ పోటీ ఏదీ పెట్టకండి. 1978 జూన్ 9 నాటి హోమ్స్, నార్టన్ పోటీ పెట్టండి. మీరు మెచ్చే హోమ్స్ అందులో నిజంగా హోమ్స్‌లా ఆడాడు. పద్నాలుగు రౌండ్లు అయ్యేసరికి ముగ్గురు జడ్జీల లెక్కలోనూ ఇద్దరూ సమానం. పదిహేనో రౌండే తేల్చింది. ఇద్దరు జడ్జీలు 143-142తో హోమ్స్ అన్నారు, మూడో జడ్జి అవే అంకెలతో నార్టన్ అన్నాడు. టీవీ గొంతు తగ్గించి, చెరో కాగితం తీసుకుని రౌండు రౌండుకీ పాయింట్లు వేయండి. అంకెలే కాబట్టి ఆయనకు రాయడం మరీ కష్టం కాదు, కష్టమైతే పైకి చెప్పమని మీ అమ్మాయి అడగవచ్చు. పదిహేనో రౌండు గంట మోగాక, ఈసారి ఆయన కాగితం ముందు చూడకుండా, మీరు ఎవరికి వేశారో చెప్పి, ఎందుకు వేశారో చెప్పి, ఆయన చెప్పేదాకా ఆగండి.